అక్షరమ్ముక్క రాని దూత: యంత్రం లేని ఫ్యాక్స్ కథ

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నేను పనిచేసే క్లినిక్‌లో ఫ్యాక్స్ యంత్రం లేదు. కొన్నేళ్ళ క్రితమే దాన్ని వదిలించుకున్నాం. అయినా ఫ్యాక్సులు రాని రోజు లేదు. ఉదయం కంప్యూటర్ తెరిచేసరికి ల్యాబుల నుంచి, మందుల షాపుల నుంచి, నర్సింగ్ హోముల నుంచి, బీమా కంపెనీల నుంచి వచ్చినవి పీడీఎఫ్‌లుగా వరుస కట్టి ఉంటాయి. మాకొక ఫ్యాక్స్ నంబరు ఉంది. ఆ నంబరుకు ఎవరైనా ఫోన్ చేస్తే మోగడానికి మా దగ్గర ఏమీ లేదు. నెలకింత అని అద్దె తీసుకునే ఒక కంపెనీవారి కంప్యూటర్, ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో ఆ ఫోన్ ఎత్తి, పాత యంత్రం కూసినట్టే కూసి, వచ్చిన పేజీని బొమ్మగా పట్టి మా పెట్టెలో వేస్తుంది. మేము పంపాలన్నా అంతే: తెర మీద ఫైలు ఎంచుకొని నంబరు కొడితే, మా తరఫున ఆ కంప్యూటరే ఫోన్ చేస్తుంది. చాలాసార్లు అవతలి ఆసుపత్రి కూడా ఇదే ఏర్పాటు చేసుకొని ఉంటుంది. అప్పుడు జరిగేది ఆలోచిస్తే నవ్వొస్తుంది. రెండు కంప్యూటర్లు పగటివేషగాళ్ళలా ఒకదాని ముందొకటి ఫ్యాక్స్ యంత్రం వేషం కట్టి, ఎక్కడా లేని కాగితాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఆ మధ్య మా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక యువ వైద్యురాలు, ఈ తతంగమంతా ఎందుకు, ఈమెయిల్ పంపితే సరిపోదా అని అడిగింది. ఆమె పుట్టేనాటికి ఫ్యాక్స్ అప్పుడే పాతబడుతోంది. ఒక్క వాక్యంలో జవాబు చెప్పలేకపోయాను. వెతుక్కుంటూ వెళ్తే, ఆ జవాబులో ఒక భాగం మేమిద్దరం నిలబడి మాట్లాడుకుంటున్న ఈ ఊళ్ళోనే, మెట్రోపార్క్ స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఒక వీధిలో దొరికింది. ఇంకొక భాగం గుంటూరులో నేనెరిగిన ఒక ఎస్‌టీడీ బూత్‌లో ఉంది. మూడో భాగం మాత్రం నా రోగి ఒకావిడ గుండెకు సంబంధించినది.

లోలకాలు, సంతకాలు

ఫ్యాక్స్ టెలిఫోన్ కన్నా వయసులో పెద్దది. గ్రాహమ్ బెల్‌కు టెలిఫోన్ మీద పేటెంటు వచ్చింది 1876లో. స్కాట్లండ్‌కు చెందిన గడియారాల పనివాడు అలెగ్జాండర్ బెయిన్ తన పరికరానికి బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నది 1843లో. గడియారాలు చేసేవాడు గనుక అతని ఊహ కూడా లోలకంతోనే మొదలైంది. రెండు ఊళ్ళలో రెండు లోలకాలు ఒకే లయలో ఊగుతుంటాయి. ఇక్కడి లోలకానికి కట్టిన సూది లోహపు అక్షరాల మీదుగా గీసుకుంటూ పోతుంది. లోహం తగిలిన చోట విద్యుత్తు పారుతుంది, తగలని చోట ఆగుతుంది. అక్కడి సూది రసాయనంలో తడిపిన కాగితం మీద నడుస్తూ, విద్యుత్తు వచ్చినప్పుడల్లా మరక వేస్తుంది. గీత తరువాత గీత, బొమ్మ తేలుతుంది. తలకు సీటీ స్కాన్ తీసే యంత్రం ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఈ గడియారాలాయన గుర్తొస్తాడు.

మోర్స్ టెలిగ్రాఫ్‌కూ దీనికీ ఉన్న తేడాను ఇక్కడే పట్టుకోవాలి. టెలిగ్రాఫ్‌లో ఇటు ఒకరు అక్షరాన్ని చదివి చుక్కలు గీతలుగా మారుస్తారు, అటు ఇంకొకరు వాటిని మళ్ళీ అక్షరం చేస్తారు. ఆ ఇద్దరికీ చదువు వచ్చి ఉండాలి, ఇద్దరికీ ఒకే లిపి తెలిసి ఉండాలి. బెయిన్ యంత్రానికి అక్షరమ్ముక్క రాదు. ఇక్కడ సిరా ఉందా లేదా అన్నది తప్ప దానికి మరో జ్ఞానం లేదు. పంపినది పద్యమైనా, పటమైనా, పిల్లల పిచ్చిగీతలైనా దానికి ఒకటే.

ఈ నిరక్షరాస్యతే దాని మొదటి గిరాకీని తెచ్చిపెట్టింది. జొవాన్ని కసెల్లి అనే ఇటలీ మతాచార్యుడు, భౌతికశాస్త్రం బోధించినవాడు, ‘పాంటెలిగ్రాఫ్’ అనే రెండు మీటర్ల ఎత్తైన ఇనుప యంత్రాన్ని తయారు చేశాడు. మూడో నెపోలియన్ ప్రాపకంతో 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య అది ప్రజల వాడుకకు వచ్చింది. దాన్ని ఎక్కువగా వాడుకున్నది బ్యాంకులు, సంతకాలు సరిచూసుకోవడానికి. మోర్స్ సంకేతాలలో పేరు పంపవచ్చు గానీ సంతకం పంపలేము. ఫ్యాక్స్ తొలి ఉద్యోగం సంతకాన్ని మోయడం. నూట అరవై ఏళ్ళ తరువాత మా క్లినిక్‌లో ఇప్పటికీ అది చేస్తున్న ఉద్యోగం అదే.

మా ఊరి పేరింటి పెద్దమనిషి కూడా ఇందులో చెయ్యి పెట్టాడు. 1954 వరకూ ఈ ఊరి పేరు రారిటన్ టౌన్‌షిప్. 1876లో థామస్ ఎడిసన్ ఇక్కడి మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టినందుకు ఆ తరువాత ఆయన పేరు పెట్టుకున్నారు. పాట్రిక్ కెనీతో కలిసి ఆయన రూపొందించిన నకలు టెలిగ్రాఫ్‌కు 1892లో పేటెంటు లభించింది. అది ఎక్కడా స్థిరపడలేదు. ఆయన అసలు సాయం వేరే దారిలో వచ్చింది. టెలిఫోన్‌లో మాట స్పష్టంగా వినిపించేలా చేసిన కార్బన్ ట్రాన్స్‌మిటర్ మెన్లో పార్క్‌లోనే పుట్టింది. దాదాపు వందేళ్ళ తరువాత ఫ్యాక్స్ నడిచింది, మనిషి గొంతు కోసం వేసిన ఆ తీగల మీదనే.

మధ్యలో జరిగిన వాటిని త్వరగా దాటేస్తాను. 1920ల నుంచి పత్రికలు తంతి ద్వారా ఛాయాచిత్రాలు పంపుకున్నాయి. 1935 జనవరి 1న అసోసియేటెడ్ ప్రెస్ వారి వైర్‌ఫోటో మొదలైంది. 1966లో జిరాక్స్ కంపెనీ ఆఫీసు బల్ల మీద పెట్టుకొని మామూలు ఫోనుకు తగిలించుకోగల టెలికాపియర్‌ను తెచ్చింది. దాని బరువు 46 పౌన్లు, పేజీకి ఆరు నిమిషాలు. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో అమెరికా సమాచార కమిషన్ ఇచ్చిన తీర్పుతో, ఫోన్ కంపెనీ తయారు చేయని పరికరాలను కూడా దాని లైన్లకు తగిలించుకునే హక్కు జనానికి వచ్చింది. ఆ తీర్పు లేకపోతే ఇంటింటికీ ఫ్యాక్స్ కాదుగదా, ఇంటింటికీ మోడెమ్ కూడా వచ్చేది కాదు.

నిజమైన మలుపు 1980లో వచ్చిన ‘గ్రూప్ 3’ ప్రమాణం. వరుసకు 1728 చుక్కలు, మిల్లీమీటరుకు సుమారు నాలుగు వరుసలు. ‘ఫైన్’ అన్న మీట నొక్కితే దానికి రెట్టింపు. తెల్ల చుక్కలు ఇన్ని, నల్ల చుక్కలు ఇన్ని అని లెక్కగట్టి, హఫ్‌మన్ 1952లో ప్రతిపాదించిన పద్ధతిలో కుదించి పంపడం వల్ల పేజీ నిమిషంలోపే చేరేది. ఈ అంకెలను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా మిల్లీమీటరుకు నాలుగు వరుసలన్నది మళ్ళీ అవసరపడుతుంది.

లిపి ఉన్నవాళ్ళ యంత్రం

ఆ ప్రమాణాన్ని ముందుకు నెట్టినవాళ్ళలో జపాన్‌వాళ్ళు ముఖ్యులు. అది యాదృచ్ఛికం కాదు. వేల గుర్తులున్న లిపిని టైపురైటరు మీదా టెలెక్సు మీదా ఎక్కించడం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు. 1928లోనే నీవా యసుజిరో బృందం తయారుచేసిన పరికరంతో చక్రవర్తి పట్టాభిషేకపు ఛాయాచిత్రాలు క్యోటో నుంచి టోక్యోకు చేరాయి. ఇంగ్లీషు రాసేవాడికి ఫ్యాక్స్ ఒక సౌకర్యం. రోమన్ కాని లిపిలో రాసేవాడికి మాత్రం అంతకు ముందు లేని దారి.

తెలుగువాళ్ళది కూడా ఇదే కథ అని నా అభిప్రాయం. ఎవరూ దీన్ని ఇలా చెప్పగా నేను వినలేదు. టెలెక్సు ఐదు గుర్తుల సంకేతంలో మన గుణింతాలకూ ఒత్తులకూ చోటు లేదు. మన ఇళ్ళకు వచ్చిన టెలిగ్రాములన్నీ ఇంగ్లీషులోనే వచ్చాయి. ‘ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ అన్న మూడు నాలుగు మాటలు చదివించుకోవడానికి మా ఊళ్ళో జనం హైస్కూలు హెడ్మాస్టరుగారి ఇంటికి పరిగెత్తేవారు. పత్రికలకు మాత్రం ఈ దారి ముందే తెలుసు. ‘ది హిందూ’ పూర్తి పేజీలను నకలు పద్ధతిలో ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపి అచ్చువేయడం 1969లో మొదలుపెట్టింది. 1976లో హైదరాబాద్ కూడా ఆ వరుసలో చేరింది. అయితే అది కూడా ఇంగ్లీషు పత్రికే. మామూలు తెలుగువాడికి తన చేతిరాత సముద్రం దాటడం 1980ల చివర, 90లలో బూత్‌ల వల్లనే సాధ్యమైంది.

పసుపుపచ్చ బోర్డు మీద ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ అన్న అక్షరాల కింద కొత్తగా ‘ఫ్యాక్స్, జిరాక్స్’ అని రాయించిన రోజులు నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించి, అమెరికాలో రెసిడెన్సీ కోసం దరఖాస్తులు పెడుతున్న కాలమది. మా కాలేజీకి దగ్గరలో ఉన్న బూత్ యజమాని నంబరును నా సొంత ఫ్యాక్స్ నంబరుగా ప్రతి దరఖాస్తు మీదా రాసేవాణ్ణి. ఇంటర్వ్యూకు రమ్మన్న ఉత్తరం ఉంటేగానీ మద్రాసు కాన్సులేటులో వీసాకు నిలబడలేము. అమెరికాలో పొద్దున పది గంటలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. ఎనిమిది నుంచి బూత్ మూసేదాకా బల్ల మీద కూర్చుని ఎదురుచూడడం మా నలుగురైదుగురు స్నేహితులకూ నిత్యకృత్యం. యంత్రం కూత పెట్టగానే అందరం లేచేవాళ్ళం. సగం పేజీ వచ్చి లైను తెగిపోయిన రాత్రులున్నాయి. పంపేటప్పుడు తెగితే ఇంకా బాధ, ఎర్ర అంకెల మీటరు తిరిగినంతా కట్టాల్సిందే.

చివరికి నా ఉత్తరం వచ్చిన రాత్రి, బూత్ యజమాని దాన్ని చింపి నా చేతికిస్తూ, “డాక్టర్ గారూ, దీన్ని ఇప్పుడే జిరాక్స్ తీయించుకోండి, ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోద్ది” అన్నాడు. వేడి తగిలితే నల్లబడే పూత కాగితం అది. పోగా ఆ నలుపు నిలవదు. ఆయన చెప్పినట్టే అయింది. అసలు ఉత్తరం ఇవాళ ఒట్టి మెరుపు కాగితం, జిరాక్స్ ప్రతి మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

అమెరికా చేరిన తరువాత అదే బూత్‌కు మా అక్క పెళ్ళిపత్రిక పట్టుకెళ్ళి నాకు ఫ్యాక్స్ చేసింది. ఆసుపత్రి ఆఫీసులో ఆ పేజీ బయటికి వచ్చినప్పుడు అంచుల పసుపు మాయమై, కుంకుమ నల్లటి మరకై ఉంది. దాని కింద అక్క తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు మాత్రం చక్కగా ఉన్నాయి. అదే కాలంలో ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళం రైస్ విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు తయారుచేసిన పద్ధతిలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్ళం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మామూలు కంప్యూటర్‌లో అది సరిగా కనిపించడానికి విండోస్ ఎక్స్‌పీ కాలం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదేళ్ళూ తెలుగును తెలుగుగా మోసినది, తెలుగు అని ఒక భాష ఉన్నదన్న సంగతి కూడా తెలియని యంత్రం.

థోర్నల్ స్ట్రీట్

యంత్రం లేకుండా ఫ్యాక్స్ పంపడం అన్న ఆలోచన మొదట ఉచితసేవగా వచ్చింది. 1993లో కార్ల్ మలమూద్, మార్షల్ రోజ్ అనే ఇద్దరు ఇంటర్నెట్ ఇంజనీర్లు ఒక ప్రయోగం చేశారు. ఫ్యాక్స్ నంబరులోని అంకెలను వెనక నుంచి ముందుకు, మధ్యమధ్య చుక్కలు పెట్టి రాసి, చివర ‘టీపీసీ.ఇంట్’ అని చేర్చితే అదే ఈమెయిల్ చిరునామా అవుతుంది. ఆ చిరునామాకు ఈమెయిల్ పంపితే, ఆ ఊళ్ళో ఉన్న ఎవరో ఒక స్వచ్ఛంద సేవకుడి కంప్యూటర్ దాన్ని అందుకొని, స్థానిక కాల్ చేసి, ఫ్యాక్స్‌గా దించేది. అమెరికాలో స్థానిక కాల్‌కు విడిగా ఖర్చు లేదు గనుక ఎవరికీ నష్టం లేదు. టీపీసీ అంటే ‘ది ఫోన్ కంపెనీ’, 1967 నాటి ఒక హాస్య చిత్రంలో లోకాన్ని ఏలాలనుకునే దుష్ట సంస్థ పేరు. ఈ మలమూద్ మన పాఠకులకు మరో రకంగా ఆప్తుడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోని పుస్తకాలను ఆర్కైవ్.ఆర్గ్‌లోకి చేర్చిన పబ్లిక్ రిసోర్స్ సంస్థ ఆయనదే. అక్కడి నుంచి పాత తెలుగు పుస్తకం దించుకొని చదివిన ప్రతివారూ ఆయనకు ఋణపడినవారే.

దాన్ని వ్యాపారంగా మలచినవాళ్ళలో తొలివరుసలో నిలిచినది మా ఊరి కంపెనీ, పేరు ఫ్యాక్స్‌సేవ్. ఆఫీసు ఎడిసన్‌లో థోర్నల్ స్ట్రీట్ మీద ఉండేది. ఆ అద్దాల భవనాల పక్కనుంచి రోజూ మెట్రోపార్క్‌లో న్యూయార్క్ రైలెక్కే మనవాళ్ళలో ఎంతమందికి ఆ పేరు తెలుసో నాకు అనుమానమే. 1989లో మొదలైన ఆ కంపెనీ తొలిదశలో చేసినది చాలా చిన్న పని. ఫ్యాక్స్ యంత్రానికీ గోడలోని ఫోన్ తీగకూ మధ్య ‘కనెక్టర్’ అనే చిన్న పెట్టె బిగించేవారు. మీరు విదేశీ నంబరు నొక్కితే ఆ పెట్టె పసిగట్టి, కాల్‌ను పెద్ద ఫోన్ కంపెనీకి కాకుండా తమ నెట్‌వర్క్‌కు మళ్ళించేది. తరువాత ఇంటర్నెట్ రాగానే సముద్రం దాటే భాగాన్ని ఫోన్ లైను మీద నుంచి తీసి ఇంటర్నెట్ మీద పెట్టారు. ఇటు కొసన స్థానిక కాల్, అటు కొసన స్థానిక కాల్, మధ్యలో ఒక ఫైలు. ఆ పైన, అసలు యంత్రమే లేకుండా కంప్యూటర్ నుంచీ ఈమెయిల్ నుంచీ ఫ్యాక్స్ పంపే సౌకర్యాలు తెచ్చారు. 1996లో షేర్ మార్కెట్‌కు వెళ్ళారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించవలసిన విషయం ఉంది. గొంతు కన్నా ముందు ఫ్యాక్సే ఎందుకు ఇంటర్నెట్ మీదికి ఎక్కింది? మాట ఆలస్యాన్ని సహించదు. అర సెకను ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, విసుక్కుంటారు. కాగితానికి ఆ బాధ లేదు, రెండు నిమిషాలు ఆలస్యంగా చేరినా అడిగేవాడు లేడు. అప్పటి బలహీనమైన ఇంటర్నెట్‌కు అది మోయగలిగిన బరువు. రెండో కారణం ధర. ఆ రోజుల్లో విదేశీ కాల్ ధరలను నిర్ణయించినది తీగ ఖర్చు కాదు, ప్రభుత్వ సంస్థల మధ్య ఒప్పందాలు. ఇండియాలో విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యం 2002 మార్చి దాకా సాగింది. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడడం అక్కడ చట్టబద్ధమైనది ఆ మరునాటి నుంచే. ఫ్యాక్స్‌సేవ్ వంటివి అమ్మినది సాంకేతిక అద్భుతాన్ని కాదు, సుంకపు గేటును తప్పించుకునే పక్కదారిని. చరిత్రకారులు దీన్ని ఆవిష్కరణల చరిత్రలో వేస్తారు. నాకు మాత్రం ఇది ధరల చరిత్రలో ఒక అధ్యాయం.

ధరలు పడిపోగానే పక్కదారి అవసరమూ పడిపోయింది. 1999లో ఫ్యాక్స్‌సేవ్ తన పేరును నెట్‌మూవ్స్‌గా మార్చుకుంది. 2000లో మెయిల్.కామ్ దాన్ని కొన్నది. మరుసటి ఏడాది మెయిల్.కామ్ తానే ఈజీలింక్ అయింది. కొన్నాళ్ళు పక్కనున్న పిస్కాటవేలో ఆఫీసు నడిపి, చేతులు మారి, 2012లో కెనడా కంపెనీ ఓపెన్‌టెక్స్ట్‌లో కలిసిపోయింది.

యంత్రం లేని ఫ్యాక్స్ మాత్రం చావలేదు, వేషం మార్చుకుంది. 1995లో జే ముల్లర్ అనే జర్మన్ సంగీతకారుడు న్యూయార్క్‌లో జేఫ్యాక్స్ పెట్టాడు. నీకొక నంబరు ఇస్తాం, దానికి వచ్చిన ఫ్యాక్సులు నువ్వెక్కడున్నా నీ ఈమెయిల్‌కు వస్తాయి అన్నది దాని మాట. ఈసారి అమ్మినది చవకదనం కాదు, ఊరికి కట్టుబడని చిరునామా. 1999లో ఈఫ్యాక్స్ అదే సేవను ఉచితంగా ఇచ్చింది. దాని ఆఫీసు కూడా మెన్లో పార్క్‌లోనే ఉండేది, కానీ అది కాలిఫోర్నియా మెన్లో పార్క్, మాది కాదు. మరుసటి ఏడాది రెండూ ఒకటయ్యాయి. 1998లో అంతర్జాతీయ ప్రమాణాలు రెండు వచ్చాయి. ఈమెయిల్ తరహాలో ఫ్యాక్స్‌ను పంపడానికి టి.37, అప్పటికప్పుడు పంపడానికి టి.38. రాగి తీగల లైన్లను ఫోన్ కంపెనీలు ఒక్కటొక్కటిగా వదిలించుకుంటున్న ఈ రోజుల్లో, బల్ల మీద నిజమైన యంత్రం పెట్టుకున్నవాళ్ళ ఫ్యాక్సులు కూడా చాలావరకు దారిలో ఎక్కడో ఒకచోట ఇంటర్నెట్ మీదనే ప్రయాణిస్తున్నాయి. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, అంతే.

చట్టం నీడలో

ధరా లేదు, దూరమూ లేదు. మరి వైద్యంలో ఇంకా ఎందుకుంది? యువ వైద్యురాలి ప్రశ్నకు ఇది చివరి మెట్టు.

అమెరికాలో రోగి వివరాల గోప్యతకు సంబంధించిన హిపా చట్టం 1996లో వచ్చింది. దాని కింద రాసిన నియమాలలో ‘ఎలక్ట్రానిక్ మాధ్యమం’ అంటే ఏమిటో నిర్వచించారు. కాగితం మీద ఉన్నదాన్ని ఫ్యాక్స్ చేస్తే, అది పంపడానికి ముందు ఎలక్ట్రానిక్ రూపంలో లేదు గనుక ఎలక్ట్రానిక్ ప్రసారం కిందికి రాదన్నారు. 2013 సవరణలో ‘వెంటనే ముందు’ అని ఇంకాస్త బిగించారు. అంటే పాత ఫ్యాక్స్‌కు కంప్యూటర్ భద్రతా నియమాల బెడద లేదు, సరైన నంబరు నొక్కడం, యంత్రాన్ని దారిన పోయేవాళ్ళకు అందనిచోట పెట్టడం వంటి మామూలు జాగ్రత్తలు చాలు. ఈమెయిల్‌ను చట్టం నిషేధించలేదు, కానీ దానికి రక్షణలు కావాలి, పత్రాలు కావాలి. ఆఫీసు సిబ్బంది దీన్ని రెండు ముక్కల్లో నేర్చుకున్నారు: ఫ్యాక్స్ క్షేమం, ఈమెయిల్ ప్రమాదం. తమాషా ఏమిటంటే, మేము ఇప్పుడు వాడే యంత్రం లేని ఫ్యాక్స్‌కు ఆ మినహాయింపు వర్తించదు. మా ఫైలు కంప్యూటర్‌లోనే పుట్టింది. అందుకే మాకు నంబరు అద్దెకిచ్చిన కంపెనీతో హిపా ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. మినహాయింపు పోయింది, అలవాటు మిగిలింది.

2009లో ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు పోసి ఆసుపత్రుల చేత, వైద్యుల చేత కంప్యూటర్ రికార్డులు కొనిపించింది. కొనిపించింది గానీ అవి ఒకదానితో ఒకటి మాట్లాడేలా చేయలేకపోయింది. ఒక కంపెనీ రికార్డులోని సమాచారం ఇంకొక కంపెనీ రికార్డులోకి వెళ్ళాలంటే, ఇద్దరికీ తెలిసిన ఉమ్మడి భాష ఒక్కటే మిగిలింది, అది భాష తెలియని ఫ్యాక్స్. 2018 ఆగస్టులో మెడికేర్ సంస్థ అధిపతి సీమా వర్మ, 2020 కల్లా వైద్యుల ఆఫీసులలో ఫ్యాక్స్ లేకుండా చేయాలని పిలుపునిచ్చారు. అదే ఏడాది చివర బ్రిటన్ ప్రభుత్వం తన ఆసుపత్రులు ఇక కొత్త ఫ్యాక్స్ యంత్రాలు కొనకూడదన్నది. 2020 వచ్చింది. ఫ్యాక్స్ పోలేదు, కోవిడ్ వచ్చింది. హ్యూస్టన్‌లోని ప్రజారోగ్య కార్యాలయంలో పరీక్షల ఫలితాలు ఫ్యాక్స్‌లో వచ్చి నేల మీద కుప్పలుగా పడుతున్న దృశ్యం ఆ వేసవిలో పత్రికలకెక్కింది.

ఒక చుక్క

ఇదంతా నేను వినోదంగా చెప్పుకుంటూ పోగలిగేవాణ్ణే, ఒక సంఘటన లేకపోతే.

కొన్నేళ్ళ క్రితం, కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దావిడ నా రోగిగా చేరారు. అంతకు ముందు వేరే రాష్ట్రంలో కూతురి దగ్గర ఉండగా గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరారు. అక్కడ థైరాయిడ్ తక్కువగా ఉందని తేలి లెవోథైరాక్సిన్ మొదలుపెట్టారు. మందుల సీసాలు కూతురి ఇంట్లో ఉండిపోయాయి. మేము అడిగితే ఆ ఆసుపత్రి కాగితాలు ఫ్యాక్స్‌లో వచ్చాయి, మా తెర మీద పీడీఎఫ్‌గా. మందుల పట్టికలో చిన్న అచ్చులో లెవోథైరాక్సిన్ 125 మైక్రోగ్రాములు అని ఉంది. అది అరుదైన మోతాదేమీ కాదు, ఆ బలంతో మాత్ర దొరుకుతుంది. గుండెజబ్బున్న వృద్ధులకు ఈ మందు చాలా కొద్దిగా మొదలుపెట్టాలని నాకు తెలుసు. మెల్లగా పెంచుకుంటూ వచ్చి ఉంటారనుకున్నాను. రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలు గడవకముందే గుండె దడతో ఆవిడను అత్యవసర విభాగానికి తీసుకెళ్ళారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె లయ తప్పింది. మందు ఆపి, చికిత్స చేశాక లయ కుదుటపడింది. తపాలాలో తెప్పించుకున్న అసలు కాగితం మీద స్పష్టంగా 12.5 అని ఉంది.

ఆ చుక్క ఎక్కడ పోయిందో వెతికాను. మిల్లీమీటరుకు నాలుగు వరుసలంటే, ఒక్కొక్క వరుస వెడల్పు పావు మిల్లీమీటరు. ఎనిమిది పాయింట్ల అచ్చులో దశాంశ బిందువు వ్యాసం మిల్లీమీటరులో మూడోవంతుకు మించదు. అది సరిగ్గా ఒక వరుసలో పడితే నల్లచుక్క అవుతుంది. రెండు వరుసల మధ్య సగం సగం పడితే, రెండుచోట్లా బూడిద రంగై, నలుపా తెలుపా అని తేల్చేచోట తెలుపు కింద లెక్కకు వస్తుంది. అక్షరం తెలిసినవాడైతే ఇక్కడ చుక్క ఉండాలే అని తడుముకుంటాడు. యంత్రం తడుముకోదు. ఆ అంకె ఆసుపత్రి కంప్యూటర్‌లో ఎప్పటికీ చెరగని అంకెగా పుట్టింది. కాగితమై, బొమ్మై, మళ్ళీ నా కంప్యూటర్‌లోకి వచ్చింది. కూతలు పెడుతూ వణికే పాత కాగితం మీద చూసి ఉంటే అనుమానించేవాణ్ణేమో. పీడీఎఫ్‌లో అది శుభ్రంగా, అచ్చు పత్రంలా కనిపించింది. ‘ఫైన్’ మీట నొక్కని గుమస్తాదా తప్పు, పంపినవారిదా అంటే, సంతకం నాది. తప్పు కూడా నాదే.

మోతాదులు రాయడంలో ఈ ప్రమాదం వైద్యలోకానికి కొత్త కాదు. 5 అని రాయవలసినచోట 5.0 అని రాయకూడదు, చుక్క చెరిగితే యాభై అవుతుంది. అర అని రాయాలంటే చుక్కకు ముందు సున్నా తప్పనిసరి. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ ‘వాడకూడనివి’ అంటూ 2004లో విడుదల చేసిన జాబితాలో ఇవి రెండూ ఉన్నాయి. పన్నెండున్నరకు మాత్రం ఏ జాబితాలోనూ రక్షణ లేదు, చుక్క పెట్టక తప్పదు.

ఆవిడ మళ్ళీ క్లినిక్‌కు వచ్చినప్పుడు జరిగినదంతా దాచకుండా చెప్పాను. కొడుకు మౌనంగా విన్నాడు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. ఆవిడ మాత్రం, “ఒక్క చుక్క కోసం ఇంత గొడవయిందా నాయనా?” అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

మా నాన్నగారు ఊళ్ళో చాలామందికి ప్రామిసరీ నోట్లు రాసిపెట్టేవారు. అంకె వేసిన ప్రతిచోటా పక్కనే ‘అక్షరాలా’ అని మొదలుపెట్టి మొత్తాన్ని మాటల్లో రాసేవారు. అంకెను ఎవరైనా దిద్దగలరు, అక్షరాలను దిద్దడం కష్టం అనేవారు. ఆ సంఘటన తరువాత మా క్లినిక్ నుంచి బయటికి వెళ్ళే ప్రతి ఫ్యాక్స్‌లో, చుక్క ఉన్న ప్రతి మోతాదు పక్కనా దాన్ని ఇంగ్లీషు మాటల్లో కూడా రాస్తున్నాం. చుక్క ఉండదగ్గ అంకె ఏదైనా లోపలికి వస్తే, నర్సు పంపినవారికి ఫోన్ చేసి చదివించుకుంటుంది. ఆ యువ వైద్యురాలు మొదటిసారి చూసి, చెక్కు మీద రాసినట్టు ఇదేమిటని అడిగింది. ఈ కథ చెప్పాను. మర్నాటి నుంచి ఆమె కూడా అలాగే రాయడం మొదలుపెట్టింది.